రాజమార్గములపై వంతెనల భద్రత

వంతెన కూలిన మరునాడు మన దేశమున జరుగు తంతు మా పాఠకులకు క్రొత్తది కాదు. మంత్రివర్యులు స్థలమును దర్శింతురు. మృతుల కుటుంబములకు పరిహారము ప్రకటింపబడును. ఇద్దరో నలుగురో ఇంజనీర్లు సస్పెండు చేయబడుదురు. విచారణసంఘ మొకటి నియమింపబడును. పదిదినములు గడచునప్పటికి ఆ వార్త మొదటి పుటను విడిచి లోపలి పుటలకు పోవును. సంఘమువారు తమ నివేదికను సమర్పించునాటికి దానిని చూపుడని అడుగువారును ఉండరు. చూపినను చదువువారును ఉండరు.

2025 జూలై 9వ తేదీ ఉదయమున గుజరాతు రాష్ట్రములో మహీనదిపై వడోదర, ఆనందు జిల్లాలను కలుపుచున్న గంభీరా వంతెనలో ఒక భాగము విరిగి, దానిపై పోవుచున్న వాహనములతో గూడ నదిలో పడెను. ఇరువదిమందికి తక్కువకాకుండ ప్రాణములు గోల్పోయిరి. స్తంభములపై దూలములు కూర్చుండు పీఠములును, అతుకులును నలిగిపోవుటయే కారణమని ప్రాథమిక విచారణలో తేలినట్లు ఆ రాష్ట్ర మంత్రి ప్రకటించిరి. నలుగురు ఇంజనీర్లను సస్పెండు చేసిరి. ఆ వంతెన 1985లో రాకపోకలకు తెరువబడినది. అనగా దాని వయస్సు నలువదియేండ్లు. "పాతబడిన వంతెన" యని చెప్పి ఊరకుండుటకు ఈ వయస్సు ఎంతమాత్రమును చాలదు. రాజమహేంద్రవరమున గోదావరిపై 1900లో తెరువబడిన హేవలాకు వంతెన 1997వరకు రైళ్లను మోసినది. వయస్సే మృత్యుకారణమైనచో అది మన తాతలనాడే కూలవలసియుండెను. పాతదనము వంతెనను కూల్చదు. ఆ పాతదనములో ఏమి జరుగుచున్నదో ఎవరును చూడకపోవుట కూల్చును. చూచినను, చూడవలసిన దానిని విడిచి వేరొకదానిని చూచుట కూల్చును. ఈ రెండవ మాట కొంత వింతగా దోచవచ్చును గనుక దానిని ఒక నిదర్శనముతో వివరింప దలచితిమి. ఆ నిదర్శనము మన దేశపుది కాదు. అమెరికాది. దాని కారణమును చివరిదాక త్రవ్వి తీసి లోకమునకు చూపిరి గనుకనే దానిని గైకొంటిమి.

అమెరికాలోని మినియాపొలిస్ నగరమున మిసిసిపీ నదిపై 35వ నంబరు అంతర్రాష్ట్ర రాజమార్గపు పశ్చిమశాఖను మోయుచు ఒక ఉక్కువంతెన యుండెను. 1967లో తెరచిరి. పొడవు 1,907 అడుగులు. ఎనిమిది వరుసల బాట. దినమునకు సుమారు లక్షా నలువదివేల వాహనములు దానిపై నడచుచుండెను. 2007 ఆగస్టు 1వ తేదీ సాయంకాలము 6 గంటల 5 నిమిషములకు, జనులు పనులు ముగించుకొని ఇండ్లకు మరలు వేళ, నడిమిభాగము కొన్ని సెకండ్లలో నదిలోనికి దిగిపోయెను. కూలినభాగముపై 111 వాహనము లుండెను. పదముగ్గురు మరణించిరి, 145మంది గాయపడిరి. పిల్లలతో నిండిన బడిబస్సు ఒకటి కమ్మీనానుకొని నిలిచి, అందరును బ్రతికి బయటపడిరి.

ఆ వంతెనను ఎవరును చూడలేదా? చూచిరి. 1993 మొదలు ఏటేట పరీక్షించిరి. దానికి లోపము కలదని కాగితములపై 1990వ దశాబ్ది ఆరంభమునుండియు వ్రాసియే యున్నది. ఉక్కులో పగుళ్లు, తుప్పు, కదలని బేరింగులు — ఇవన్నియు నమోదై యుండెను. విద్యాలయములలోని ఆచార్యులు దానిపై పరిశోధనలు చేసిరి. పగుళ్లనుగూర్చి సలహా చెప్పుటకు ప్రైవేటు ఇంజనీర్లను నియమించిరి. వంతెన కూలిన దినమున అందరును తుప్పనియో పగులనియో తలచిరి. కాని జాతీయ రవాణా భద్రతామండలి పదునైదు మాసములు శ్రమించి 2008 నవంబరులో తేల్చినదేమనగా, తుప్పు కాదు, ఆ పగుళ్లును కావు. కారణము వేరు, అది వంతెన పుట్టుకనాటిది.

ఉక్కుదూలములను త్రికోణములుగా కూర్చి కట్టిన వంతెనలో నాలుగైదు దూలములు ఒక్కచోట కలియును. ఆ కూడలికి ఇరువైపుల రెండు ఉక్కుపలకలను పెట్టి రివెట్లతో బిగింతురు. తలుపుచట్రపు మూలకు వడ్రంగి వేయు ఇనుపపట్టీవంటివే ఇవి. ఇంజనీర్లు వీనిని గస్సెట్ ప్లేటులందురు. ఈ వంతెనలో కొన్ని ముఖ్యమైన కూడళ్లయందలి పలకలు అర్ధాంగుళపు మందమున నుండెను. ఉండవలసినది దానికి సుమారు రెండింతలు. దూలముల లెక్కలు దొరకినవి. అవి సరిగానే యున్నవి. ఆ పలకల లెక్కలు మాత్రము ఎంత వెదకినను దొరకలేదు. అసలు ఆ లెక్క వేయనేలేదేమో యని మండలివారి యనుమానము. రూపకల్పన చేసినవారును పట్టలేదు. దానిని పరిశీలించి అంగీకరించిన రాష్ట్రపు అధికారులును, కేంద్రపు అధికారులును పట్టలేదు.

అట్లయినచో నలువదియేండ్లు ఎట్లు నిలిచినది? ఇంజనీర్లు ప్రతి నిర్మాణములోను అవసరమునకు మించిన బలమును కొంత విడిచిపెట్టుదురు. ఈ మిగులుబలమే ఆ తప్పును కప్పిపుచ్చినది. అయితే ఆ మిగులును మెల్లమెల్లగా తినివేసిరి. 1977లో బాటపై మరి రెండంగుళముల కాంక్రీటు పరచిరి. 1998లో నడుమ బరువైన అడ్డుగోడను, అంచులకు క్రొత్త కమ్మీలను కట్టిరి. వాహనములును పెరిగినవి, వాని బరువును పెరిగినది. తుదకు 2007 వేసవిలో బాటను మరమ్మతు చేయుచు, కూలిన దినమున ఇసుక, కంకర, యంత్రములు కలిపి 5,78,000 పౌనులకు పైగా బరువును సరిగా ఆ బలహీనమైన కూడలికి పైభాగముననే ప్రోగు పెట్టిరి. ఇది సుమారు 260 టన్నులు. ఆ బరువు ఆ బాటను ప్రాణాపాయములో పడవైచునని ఆ పనివారికిగాని, మేస్త్రీకిగాని, మరమ్మతు కంట్రాక్టరుకుగాని తెలియదు. తెలియజెప్పగల వారెవరును లేరు. ఎందుకనగా వంతెన భారశక్తిని లెక్కగట్టునపుడు దూలములను మాత్రమే లెక్కించి, కూడలిపలకలు దూలములకంటె బలమైనవే యుండునని తలచి విడిచిపెట్టుట ఆ దేశమంతటను వాడుకగా నుండెను.

ఇంతకంటె మనస్సును కలచు విషయ మొకటి కలదు. 1999లోను 2003లోను ఆ వంతెనను తీసిన ఛాయాచిత్రములలో ఆ పలకలు వంగియున్నట్లు స్పష్టముగా కనబడుచున్నది. చిత్రము తీసినవారు తుప్పునకై, పగుళ్లకై వెదకుచుండిరి. వంపును చూచియు చూడలేదు. కట్టునాడే అట్లు వంగియుండునని తలచినవారును లేకపోలేదు. వంగిన పలక భారము మోయలేక మొరపెట్టుచున్నదని చెప్పుటకు వారి పరీక్షాపత్రములో గడియే లేదు.

వంతెనలను పరీక్షింపవలెనను చట్టమే ఆ దేశములో ఒక దుర్ఘటననుండి పుట్టినది. 1967 డిసెంబరు 15వ తేదీన ఒహాయో నదిపై సిల్వర్ బ్రిడ్జి కూలి 46మంది మరణించిరి. వేలాడు గొలుసులోని ఒక ఉక్కుకడ్డీ కంటివద్ద అంగుళములో పదవవంతు లోతుగల పగులు దానికి కారణము. అతుకును విప్పిననేగాని అది కనబడదు. మరుసటి యేడు పార్లమెంటు శాసనము చేసినది. 1971లో రెండేండ్లకొకసారి ప్రతి రాజమార్గపు వంతెనను పరీక్షింపవలెనను నియమము వచ్చినది. పిమ్మట 1983లో కనెక్టికట్‌లో మియానస్ నదిపై వంతెన కూలి ముగ్గురు చనిపోయిరి. నీరు పోవు తూములను తారుతో మూసివేయుటచే చీలలలో తుప్పు పెరిగినదని తేలినది. అప్పటినుండి చీలలను చూచుట మొదలుపెట్టిరి. 1987లో న్యూయార్కు రాష్ట్రమున స్కోహారీ వాగుపై వంతెన వరదలో కూలి పదిమంది మరణించిరి. స్తంభము క్రింది నేల కోసుకొనిపోయినది. అప్పటినుండి నీటిలోపలి పునాదులను చూచుట మొదలుపెట్టిరి. 2007 తరువాత పలకలను లెక్కించుట మొదలుపెట్టిరి. ప్రతి నియమమును గత ప్రమాదమునకు మందే కాని రాబోవు ప్రమాదమునకు కాదు. అయినను వారియందు మెచ్చదగిన గుణ మొకటి కలదు: ప్రతి ప్రమాదమునుండియు ఒక నియమము పుట్టినది. మనదేశమున ప్రతి ప్రమాదమునుండియు ఒక సస్పెన్షను ఉత్తరువు పుట్టుచున్నది.

ఇక మన యింటి విషయము. 2016 ఆగస్టు 2వ తేదీ రాత్రి మహారాష్ట్రమున రాయగఢ్ జిల్లా మహాడ్ వద్ద ముంబయి–గోవా రాజమార్గముపై సావిత్రీ నది వంతెన వరదలో కొట్టుకొనిపోయెను. 1928లో రాతితో కమానులు కట్టిన వంతెన అది. ప్రక్కనే మరియొక వంతెన కట్టినపిమ్మటను పాతదానిని విడిచిపెట్టక ఒకవైపు రాకపోకలకు వాడుచుండిరి. ఆ చీకటిలో ముంబయివైపు పోవుచున్న రెండు ప్రభుత్వ బస్సులును, మరికొన్ని వాహనములును నేరుగా నదిలోనికి పోయెను. నలువదిమందివరకు మరణించిరి. కొన్ని శవములు సముద్రతీరమున కొట్టుకొనివచ్చెను. కొన్ని మాసములకు ముందు, ఎండకాలమున, ఇంజనీర్లు దానిని చూచి భయము లేదనిరని ప్రభుత్వపక్షమున చెప్పిరి.

ఆ ఇంజనీర్లు అబద్ధమాడిరని మేము తలపము. వారు నిజమే చెప్పియుందురు. అదియే అసలు ప్రమాదము. నదీప్రవాహము స్తంభమునకు తగిలి సుడులు తిరుగునపుడు, స్తంభము మొదట నున్న ఇసుకను త్రవ్వి గుంట చేయును. వరద ఉచ్చస్థితిలో నున్నపుడు ఆ గుంట మిక్కిలి లోతుగా నుండును. వరద తీయగానే, తాను తెచ్చిన వదులు ఇసుకతో ఆ నదియే గుంటను పూడ్చివైచును. ఎండకాలమున వంతెనక్రింద నడచిపోవు ఇంజనీరుకు చదునైన ఇసుక కనబడును. పునాది పదిలముగా నున్నదని వ్రాసికొనును. తొలకరి తరువాతి పెద్దవరదకు ఆ వదులు ఇసుక మొదటి గంటలోనే కొట్టుకొనిపోవును. దాని వెనుక గట్టినేల పోవును. అటుపైన రాయి పోవును. వరద వచ్చుచుండగా నేలమట్టమును కొలుచు సాధనములు లేకుండ, నీటిలోపల మునిగి చూచు మనుష్యులు లేకుండ, ఎండకాలపు పరీక్షను నమ్మి వానకాలమున బస్సులను పంపుట న్యాయమా? మన నదులలో ఇసుకత్రవ్వకము ఎట్లున్నదో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. వంతెనకు దాపుననే ఇసుకను లారీలకెత్తుట ఏ యేటి ఒడ్డున చూచినను కనబడును. ఏటిగర్భము దిగిన కొలది స్తంభము పొడవగును, పునాది కురుచయగును. ఈ చేతితో వంతెన కట్టించు ప్రభుత్వమే ఆ చేతితో ఇసుక వేలము పాడించుచున్నది.

ఈ విషయమున తెలుగునేలకు ఒక పాతగాయము కలదు. అది రైలువంతెనది. 1956 సెప్టెంబరులో మహబూబునగరమువద్ద రైలువంతెన వరదకు కూలి నూరుమందికి పైగా చనిపోయిరి. అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా నిచ్చిరి, నెహ్రూగారు అంగీకరింపలేదు. నవంబరులో తమిళదేశమందలి అరియలూరువద్ద మరల అట్లే జరుగగా శాస్త్రిగారు తిరిగి రాజీనామా నిచ్చిరి; ఈసారి అంగీకరింపబడినది. ఆయన ఔదార్యమును అందరును కొనియాడుదురు, మేమును కొనియాడుదుము. కాని మంత్రి రాజీనామాతో స్తంభము క్రింద నేల గట్టిపడదు. 2005 అక్టోబరులో నల్లగొండజిల్లా వలిగొండవద్ద చెరువు తెగి రైలుకట్ట కొట్టుకొనిపోయి నూరుమందికి పైగా మరణించిరి. నలువదితొమ్మిదేండ్లకు అదే నేలలో, అదే నీటిచేత!

అయినను రైళ్ల విషయమున మన దేశములో ఒక మంచి ఏర్పాటు కలదు. దానిని ఇచ్చట ప్రత్యేకముగా పేర్కొనవలెను. రైలు ప్రమాదములను విచారించు భద్రతా కమీషనరులు రైల్వేశాఖకు లోబడినవారు కారు. 1941లోనే వారిని రైల్వేలనుండి విడదీసి తపాలా–వైమానిక శాఖక్రింద నుంచిరి; నేటికిని వారు పౌరవిమానశాఖలో నున్నారు. దొంగతనమును దొంగయే విచారింపరాదను సామాన్యసూత్రము ఆనాటి ప్రభుత్వమునకు కూడ తోచినది. రాజమార్గపు వంతెనలకు ఇట్టి కమీషనరు లేడు. వంతెన కట్టించిన శాఖయే దానిని పరీక్షించును. పరీక్షించిన శాఖయే అది కూలినపుడు విచారించును. మినియాపొలిస్‌లో రవాణా భద్రతామండలి ఆ రాష్ట్రపు రోడ్లశాఖకుగాని, కేంద్రపు రోడ్లశాఖకుగాని లోబడినది కాదు గనుకనే, ఉభయులును పలకల లెక్కను చూడలేదని నిర్భయముగా వ్రాయగలిగినది.

మహాడ్ దుర్ఘటన తరువాత కేంద్రప్రభుత్వము ఊరకున్నదని మేము చెప్పము. 2016 అక్టోబరులో దేశపు వంతెనల నన్నిటిని ఒక పట్టికలో చేర్చు పథకమును ప్రారంభించి, జాతీయ రాజమార్గములపై లక్షన్నరకు పైగా వంతెనలను, కల్వర్టులను లెక్కించిరి. ఒక్కొక్కదానికి సంఖ్య నిచ్చిరి. ఇది శ్లాఘనీయమైన పని. మహాడ్ వద్ద కూలినదాని స్థానమున క్రొత్త వంతెనను మరుసటి యేడు జూన్ నాటికే తెరచిరి, ఇదియు శ్లాఘనీయమే. కాని గంభీరా వంతెన జాతీయ రాజమార్గముపైది కాదు, రాష్ట్రపు బాటపైది. బస్సులో కూర్చున్నవాడు తన క్రింది వంతెన కేంద్రముదో రాష్ట్రముదో ఎరుగడు, నదియు ఎరుగదు.

బరువుల సంగతి ఇంకను ఆలోచింపదగినది. 2018 జూలైలో కేంద్రప్రభుత్వము లారీలు మోయదగిన బరువును పెంచినది. నాలుగు చక్రములుగల ఒక్క ఇరుసుపై మున్ను 10.2 టన్నులు మోయవచ్చును, ఇప్పుడు 11.5 టన్నులు. వర్తకులకు లాభము, డీజిలు ఆదా. ఎట్లును ఎక్కువ బరువే వేయుచుండిరి గదా, దానిని చట్టబద్ధము చేసితిమని వాదన. ఆ వాదనలో కొంత నిజము కలదు. అయినను, ఆ ఉత్తరువు వెలువడుటకు పూర్వము పాత వంతెనల నొక్కొక్కదానిని తీసి, దీనికి ఈ బరువు తగునా యని తిరిగి లెక్కించిరా యని అడుగ మాకు హక్కు కలదు. దీనికితోడు ప్రతి మరమ్మతునకును పాత తారును గీకి తీయకుండ దానిపైననే క్రొత్త తారు పరచు అలవాటు మన కంట్రాక్టరులలో నున్నది. ఎస్టిమేటులో గీకుడుపని చూపుదురు. బాటమీద అది కనబడదు. ఇట్లు వంతెనపై అంగుళముపై అంగుళము పేరుకొనును. మినియాపొలిస్‌లో పరచిన రెండంగుళములు ప్రభుత్వము చూచి, వ్రాసి, తెలిసి పరచినవి. మన అంగుళములకు లెక్కయే లేదు. కమ్మీ ఎత్తు తగ్గి మోకాలి మట్టమునకు దిగిన వంతెన మీద ఎన్నిమారులు తారు పరచిరో ఆ కమ్మీయే చెప్పును.

కారకులను శిక్షించుట మాటయో? 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 198ఏ అను క్రొత్త సెక్షనును చేర్చిరి. బాటకుగాని, వంతెనకుగాని నిర్మాణలోపము, పోషణలోపము కలిగి, తత్ఫలితముగా ఎవరైన మరణించినచో, బాధ్యులైన అధికారికిని, కంట్రాక్టరుకును, సలహాదారుకును లక్షరూపాయలకు మించని జుల్మానా విధింపవచ్చును. లక్షరూపాయలు! కోట్లరూపాయల కంట్రాక్టు పుచ్చుకొన్నవానికి ఇది జుల్మానాయో, టోలు రుసుమో మాకు తెలియకున్నది. పాఠకులలో న్యాయవాదులు పెక్కుమంది కలరు. ఈ సెక్షను క్రింద ఎందరిపై వ్యాజ్యములు నడచినవో, నడువకున్నచో ఏల నడువలేదో వారు విచారించి చెప్పినచో లోకోపకారమగును. మేము మాత్రము జుల్మానా పెంచుట ఒక్కటియే ఉపాయమని నమ్మము. శిక్షాభయము పెరిగినకొలది క్రింది యుద్యోగి తాను చూచిన లోపమును కాగితముపై పెట్టుటకు జంకును. వంతెనను మూయవలెనని వ్రాసిన అసిస్టెంటు ఇంజనీరు, తరువాత అది కూలకున్నచో నవ్వులపాలగును, బదిలీయగును. మూయనక్కరలేదని వ్రాసి, అది కూలినచో సస్పెండగును. రెండింటికిని మధ్యమార్గముగా అతడు "మరమ్మతులు అవసరము" అని వ్రాసి పై అధికారికి పంపును. ఆ రెండు సురక్షితమైన మాటలక్రింద ఎందరు మునిగిరో!

కావున పరీక్షకుడు కట్టినశాఖకు లోబడరాదు. లోపమును చూచినవాడు, ఎవరి యనుమతియు లేకుండ, ఆ గంటలోనే బాటను మూయగల అధికారము కలిగియుండవలెను. రైలుకు ఎర్రజెండా చూపు గేటుమనిషికి డివిజను అధికారి అనుమతి యవసరములేదు గదా! అట్టి అధికారము దుర్వినియోగమై రాకపోకలు నిలిచిపోవునని కొందరందురు. నిలిచిపోవును. ఒక వంతెన మూసినచో ముప్పదిమైళ్లు చుట్టు తిరుగవలసివచ్చును. వర్తకులు గగ్గోలు పెట్టుదురు. శాసనసభ్యుడు కలెక్టరుకు టెలిఫోను చేయును. ఇవి చిన్న కష్టములని మేము చెప్పము. కాని ఈ కష్టమునకు వెరచియే గదా ప్రతిచోటను పాత వంతెనను "మరి ఒక్క వానకాలము" అని నెట్టుకొనివచ్చుట!

రెండవది, వంతెనల జాతకములను ప్రజలకు చూపవలెను. అమెరికాలో ఆరులక్షలకు పైగా నున్న వంతెనల పరీక్షాఫలితములు ఎవరైనను చూడవచ్చును. ఇట్లు ప్రకటించినచో ప్రజలు భయపడుదురని మన అధికారుల వాదము. భయపడవలసినచోట భయపడుట వివేకమే కాని జాడ్యము కాదు. మరియు మినియాపొలిస్ వంతెనకు లోపము కలదని ప్రకటింపబడియే యున్నను, ప్రజలు దానిపై నడచుట మానలేదు; మాన్పించినవారును లేరు. ప్రకటన ఒక్కటియే చాలదనుటకు ఇది దృష్టాంతము. అయినను ప్రకటన లేనిచోట ప్రశ్నించుటకే ఆధారముండదు. అంతకంటె ముఖ్యముగా, ప్రతి వంతెనకును దాని మూల నక్షాలు, లెక్కలు దొరకుచోట భద్రపరచవలెను. మినియాపొలిస్‌లో పలకల లెక్క దొరకలేదు. మన జిల్లాకార్యాలయములలో వంతెనల నక్షాలు చెదలపాలగుట ఏ గుమాస్తానడిగినను చెప్పును. లెక్క లేనిదే క్రొత్త బరువునకు పాత వంతెన తాళునో లేదో చెప్పగలవాడు బ్రహ్మలోకమునను లేడు.

వంతెనల విషయము పరాయిరాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి ఒక విధముగా ఇతరులకంటె దగ్గరిది. బరంపురము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, బెజవాడ, నెల్లూరులమీదుగా చెన్నపురికి పోవు 16వ నంబరు జాతీయ రాజమార్గము నాగావళిని, గోదావరిని, కృష్ణను, పెన్నను దాటును. ఒరిస్సాలోని తెలుగువాడు చెన్నపురిలోని బంధువు ఇంటికి పెండ్లికి పోవలెనన్న ఇన్ని నదులు దాటవలెను. యానాము ప్రజలు ఎదుర్లంకకు పోవుటకు తరతరములు గౌతమిపై పడవలను నమ్ముకొనియుండిరి. 2002లో వంతెన వచ్చి ఆ పాట్లు తీరినవి. రెండు ప్రభుత్వముల హద్దులు ఆ నీటిలో కలియుచున్నవి గనుక, దాని పోషణలో ఒకరు చేతురుగదాయని యొకరు ఊరకుండకుండ చూచుట ఉభయులకును విధి. ఇక ముంబయిలో కామాటిపురమునకు ఆ పేరే కట్టడపుపనికి పోయిన తెలుగు కామాటీలవలన వచ్చినది. నేటికిని దేశమున ఏ మూల ఆనకట్ట కట్టినను, వంతెన కట్టినను, కాంక్రీటు మోయువారిలో పాలమూరు కూలీలు కనబడుదురు. వంతెన కూలినపుడు మొట్టమొదట నేరమంతయు "నాసిరకపు పని" యని ఈ చేతులపైకే నెట్టబడుట మేము తరచు చూచుచున్నాము. మినియాపొలిస్‌లో పనివారు నక్షాలో నున్న మందముననే పలకను వేసిరి. తప్పు కాగితముపైది.

ఢిల్లీ రాజధానియందు మంత్రిత్వశాఖలలో, న్యాయస్థానములలో, ఇంజనీరింగు సంస్థలలో నున్న తెలుగువిద్యావంతులు ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదు. అది ఖర్చుతో కూడినది కాదు, సభలు చేయనక్కరలేదు. ప్రతివారును సెలవులకు స్వగ్రామమునకు పోవునపుడు దాటు వంతెన యేదైన నొకటి యుండును. ఆ వంతెనను కడపట ఎన్నడు పరీక్షించిరి? నీటిలోపలి పునాదిని ఎన్నడైన చూచిరా, చూచినచో వరదకు ముందా తరువాతనా? 2018లో బరువులు పెంచిన పిమ్మట దాని భారశక్తిని తిరిగి లెక్కించిరా? దాని మూల నక్షాలు కార్యాలయమున కలవా? ఈ నాలుగు ప్రశ్నలను 2005 నాటి సమాచారపు హక్కు చట్టము ననుసరించి సంబంధించిన శాఖకు వ్రాసి పంపవచ్చును. జాతీయ రాజమార్గమైనచో కేంద్రశాఖకు, ఇతరమైనచో రాష్ట్రపు రోడ్లు–భవనముల శాఖకు పంపవలెను. కేంద్రశాఖలకైనచో రుసుము పదిరూపాయలు. ముప్పది దినములలో జవాబు రావలెను. వచ్చిన జవాబులను, రాకున్నచో రాలేదను సంగతిని, మాకు పంపినచో ఈ పుటలోనే ప్రకటింతుము.